వాసన ఆగిన మెట్టు

నమోదు 611 — మే 9

పైగుమ్మం, ఉదయం ఏడు: సముద్రపు ఉప్పు, తడిసిన రాయి. ఎవరో కాఫీ మాడబెట్టారు.
పదో మెట్టు: నిన్నటి గులాబీ నూనె, పల్చగా.
ఇరవయ్యో మెట్టు: మరువం, కాలిన కట్టె.
నలభై ఒకటో మెట్టు: కుళ్ళిన కోడిగుడ్డు. ఘాటు పదికి ఒకటి.

చివరిది రాయాలా వద్దా అని కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. ముక్కు పుస్తకానికి నియమం ఒక్కటే, వచ్చింది వచ్చినట్టు రాయాలి. రాశాను.

ఈ పుస్తకం నా తర్వాత వచ్చే ముక్కు కోసం కూడా కాబట్టి నేనెవరో చెప్పాలి. నా పేరు తలుపులమ్మ. మాది గోదావరి జిల్లా కడియం, పూలమొక్కల నర్సరీల ఊరు. నాకు పన్నెండేళ్ళప్పుడు లోకమంతా ఎండుజ్వరం వచ్చింది. మా తోటలో మల్లెలు కోస్తున్న ఆడవాళ్ళు కోస్తూ కోస్తూనే ‘ఈ పూలకేమైంది?’ అని అడిగారు. పూలకేమీ కాలేదు. నెల తిరిగేసరికి లోకంలో లక్షమందిలో ఒక్కరికి తప్ప వాసన తెలియకుండా పోయింది. ఆ ఒక్కరిలో నేనున్నాను. నా చెల్లెలు గంగాభవాని లేదు.

ఇప్పుడు అందరూ ముక్కుబిళ్ళ పెట్టించుకుంటున్నారు. ముక్కు దూలం కింద వడ్లగింజంత ఉంటుంది. గాలిని చదివి, తన జాబితాలో ఉన్న వాసనైతే నరానికి చెబుతుంది. జాబితాలో నాలుగు వందల పన్నెండు వాసనలున్నాయి. కంపులు దాదాపు లేవు. కోరి కంపు పెట్టించుకునేవాళ్ళెవరు?

నేను పనిచేసేది ఇటలీ తీరంలో, బాయా అనే ఊళ్ళో. రెండు వేల ఏళ్ళ కిందట రోము ధనికులు స్నానాలకొచ్చిన ఊరిది. ఈ తీరమంతా నిద్రపోతున్న అగ్నిపర్వతం మీద ఉంది. నేల కొన్నేళ్ళు లేస్తుంది, కొన్నేళ్ళు దిగుతుంది. అలా దిగి దిగి సగం ఊరు సముద్రంలో కలిసిపోయింది. మునిగిన ఒక స్నానశాలకు చుట్టూ గోడ కట్టి, నీళ్ళు తోడేసి, అరవై నాలుగు మెట్లు కట్టారు. దాన్ని పురావాసన కేంద్రం అన్నారు. తవ్వకాల్లో దొరికిన జాడీల అడుగున అంటుకున్న జిగురును పరీక్షించి, ఆనాటి నూనెలు మళ్ళీ వండి, మెట్ల అడుగున ఉన్న గుండ్రటి గదిలో వదులుతాం. గులాబీ, మరువం, కుంకుమపువ్వు నానిన ద్రాక్షసారా, స్నానపు నూనెలో కలిసిన చెమట. అరగంట కళ్ళు మూసుకుని కూర్చుంటే జనానికి ఆ ఊరు కనబడుతుంది. ఏడ్చేవాళ్ళూ ఉంటారు.

అక్కడ వదిలింది ఆనాటిదేనా కాదా అని రోజూ చూసే ముక్కు నాది.

నమోదు 612 — మే 10

నలభై ఒకటో మెట్టు: కుళ్ళిన గుడ్డు, రెండు. అడుగు గది: మూడు.

గంగ అడుగు గదిలో పనిచేస్తుంది. నేల మీద దిండ్లు పరచడం, సందర్శకులను కూర్చోబెట్టడం, జాడీల మూతలు వేళకు తీయడం దాని పని. అడిగాను.

“నాకు గులాబీయే వస్తంది కదక్కా. బెమ్మాండంగా ఉంది,” అంది.

“నీ బిళ్ళకి కుళ్ళు తెలీదే.”

“తెలీకపోతే మంచిదే కదా. నువ్వు మరీను.”

డైరెక్టరు ఎలియో గారికి చెప్పాను. ఆయన మాట్లాడితే నా చెవిలోని తర్జుమా యంత్రం తెలుగులోకి మారుస్తుంది. దానికి వార్తలు చదివే తెలుగు తప్ప రాదు. అడుగు గదిలో విషవాయువు చేరితే గంట కొట్టే వాయుసూచిక ఒకటుంది, దాని దీపాన్ని ఆయన తన గోడ మీద చూపించారు. “సూచిక హరిత వర్ణమున ఉన్నది. దయచేసి ఆందోళన చెందవద్దు,” అంది యంత్రం. ఆయన మొహం మాత్రం మామూలు మనిషి మొహమే. నిద్ర లేదు పాపం. పదిహేనో తారీకున గులాబీల పండుగ. మూడు వందల నలభై మంది వస్తున్నారు.

నమోదు 614 — మే 12

ముప్పై ఎనిమిదో మెట్టు: రెండు. అడుగు గది: ఐదు.

నాకు తలనొప్పిగా ఉంది. అడుగు గదిలో పావుగంట ఉంటే కళ్ళు మండుతున్నాయి. గంగ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి పాప నిద్రపోనివ్వలేదంటోంది. పాపంటే దాని కూతురు వెన్నెల, ఆరేళ్ళది.

మధ్యాహ్నం అసుంతమ్మ వచ్చింది. ఎనభై రెండేళ్ళ స్థానికురాలు, గుమ్మం దగ్గర టికెట్లు చింపుతుంది. నా మొహం చూసి ఏమిటని అడిగితే చెప్పాను. ఆమె నవ్వలేదు. తన చిన్నప్పుడు నేల లేస్తున్న రోజుల్లో వాళ్ళ నాయనమ్మ ద్రాక్షసారా దాచే నేలమాళిగలోకి ముందు కుక్కను దింపేదట. కుక్క తిరిగొస్తే తను దిగేదట.

“కుక్క రాకపోతే?” అన్నాను.

“ఆ ఏడాది ద్రాక్షసారా లోపలే ఉండిపోయేది,” అంది అసుంతమ్మ.

ఆమె మాట చెప్పడానికి ఎలియో గారి గదికి వెళ్ళాను. ఆయన తలుపు మూసి నన్ను కూర్చోమన్నారు. నలభై దాటిన ముక్కులు ఒక్కోసారి లేని వాసన చూపిస్తాయని, పండుగ కాగానే నన్ను వైద్యపరీక్షకు పంపుతారని యంత్రం చెప్పింది. ఆయన గొంతు మెత్తగానే ఉంది.  ఈ ముక్కే పోతే నేనెవరిని? పైగా ఆయన అన్నదే నిజమైతే? ముప్పై ఏళ్ళుగా నేను చెప్పిందే వాసన. నాకు తోడు సాక్ష్యం చెప్పే ముక్కు ఈ ఊళ్ళో ఇంకొకటి లేదు.

ఇంటికి వెళ్తూ దారిలో నిమ్మచెట్టు ఆకు నలిపి చూశాను. నిమ్మే. మళ్ళీ నలిపాను. మళ్ళీ నిమ్మే. ఇంకో ఆకు తుంచి చేతిలో పెట్టుకుని ఇంటికి నడిచాను.

నమోదు 616 — మే 14

ముప్పై మూడో మెట్టు: మూడు. అడుగు గది: ఎనిమిది. పది నిమిషాలకు మించి ఉండలేకపోయాను.

భోజనాల వేళ గంగ చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుని కూర్చుంది. దాని వెండి పట్టీలు నల్లగా ఉన్నాయి. మట్టెలు కూడా, బొగ్గులో ముంచినట్టు.

“ఎప్పుడు తోమావే వీటిని?”

“మొన్నాదివారమే చింతపండెట్టి తోమానక్కా. ఈ సముద్రం గాలికి ఆగితేగా.”

దాని మెడలో వెండి గొలుసు పట్టుకుని చూశాను. అదీ అప్పుడే తోమింది. తెల్లగా మెరుస్తోంది.

సముద్రం గాలైతే మెడకూ కాళ్ళకూ ఒకేలా తగలాలి. వెండిని నల్లబరిచే ఈ కుళ్ళు గాలి కాళ్ళ దగ్గర మాత్రమే ఉంది. నేల నుంచి వస్తోంది, గాలి కంటే బరువైనది, నేలను పట్టుకుని పాకుతోంది. వాయుసూచిక ఉన్నది పైకప్పుకు.

అంతటితో అయిపోలేదు. సాయంత్రం సూచిక పాత కాగితాలు తీయించాను. రెండేళ్ళ కిందటి ఉత్తరం ఒకటి బయటపడింది. మేం వండే వాసనల్లో చేపఊట ఒకటుంది. చేపలను ఉప్పులో వేసి నెలల తరబడి ఎండలో ఊరబెట్టిన రసం. ఆనాటి రోమన్లకు అది లేనిదే ముద్ద దిగేది కాదట. కంపే అయినా చరిత్ర కాబట్టి ముక్కుబిళ్ళ జాబితాలో చోటిచ్చారు. ఆ జాడీ మూత తీసినప్పుడల్లా సూచిక గంట కొట్టేది, సందర్శకులు హడలిపోయేవారు. గంట కొట్టే హద్దును ఇరవై రెట్లు పెంచమని ఆ ఉత్తరంలో ఎవరో కోరారు. ఎలియో గారు సరేనని సంతకం పెట్టారు.

కోరింది నేను. కింద నా పేరే ఉంది. రాసినట్టు గుర్తు కూడా లేదు.

పట్టీల సంగతి, ఉత్తరం సంగతి ఎలియో గారికి చెప్పాను. ఆయన కాగితం తీసుకుని తన సంతకం చూసుకున్నారు. “ఎల్లుండి సూచికను నేలకు మార్చెదము. రేపు ఒక్క దినము,” అంది యంత్రం.

గంగను రేపు సెలవు పెట్టమన్నాను. “పండగపూట సెలవేంటక్కా? నాలుగు రోజుల్నించి ఇదే గోల. నీకు ఒంట్లో బాలేదు, ఒప్పుకో,” అని విసుక్కుంది.

నమోదు 617 — మే 15, ఉదయం ఎనిమిది

ముప్పయ్యో మెట్టు: నాలుగు.
నలభై: తొమ్మిది.
అడుగు గది: లేదు. ఏమీ లేదు. దేవుడా, పోయింది.

ఎలియో గారికి చెబితే నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. గంగ కూడా నవ్వింది. తొమ్మిదిన్నరకు కిందకు వెళ్ళి దిండ్లు సర్దుతానంది.

నమోదు 617, కొనసాగింపు — అదే రోజు సాయంత్రం, ఆసుపత్రి వసారా

 వరసగా రాస్తాను.

ఉదయం అడుగు గదిలో ‘లేదు’ అని రాసుకుని, గులాబీ జాడీ మూత తీశాను. గులాబీ రాలేదు. నూనెలో వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రాలేదు. మరువం, కుంకుమపువ్వు, ఏదీ లేదు. అంటే ఎలియో గారన్నదే నిజం, నా ముక్కు చచ్చిపోయిందనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కంపు పోయిందని మాత్రం చెప్పి, పైన గోడ చాటుకు వెళ్ళి కూర్చున్నాను. రెండు గంటలు అలాగే కూర్చున్నాను. ఏడ్చాను కూడా.

పదింబావుకు ముక్కు తుడుచుకుంటుంటే వేలి మీద ఏదో తగిలింది. గులాబీ. మొదట దారం పోగంత, తర్వాత నిండుగా.

ముక్కు చావలేదు. పైన బతికే ఉంది. కింద మాత్రమే చచ్చింది.

అప్పుడు మా నాన్న గొంతు వినబడినట్టయింది. నా తొమ్మిదో ఏట మా ఊరి పక్క రొయ్యల చెరువు తూములో బురద తీయడానికి ఒకడు దిగి పడిపోయాడు. వాడికోసం రెండోవాడు, వాడికోసం మూడోవాడు. ముగ్గురూ ప్రాణాలతో పైకి రాలేదు. సగం దాకా దిగి భయపడి పైకొచ్చేసిన నాలుగోవాడు మా నాన్న. “ముందు గుడ్డు కుళ్ళిన కంపమ్మా. కడుపులో తిప్పేసింది. తర్వాత టక్కున ఏ వాసనా లేదు. పోయిందిలే అనుకున్నారు వాళ్ళు. పోలేదు. ఎక్కువైపోయి ముక్కుని చంపేసింది,” అనేవాడు.

లేచి పరుగెత్తాను.

పైగుమ్మం ముందు జనం బారులు తీరి ఉన్నారు. పెద్దమనుషుల చేత మూత తీయించడానికి చేపఊట జాడీని గుమ్మం పక్కనే పీట మీద పెట్టారు, నా నడుమంత ఎత్తున. ఎలియో గారు తలుపు గొళ్ళెం మీద చేయి వేసి ఉన్నారు. నేను ఆయన్ను దాటి కిందకు మాట్లాడే గొట్టం అందుకున్నాను.

“గంగా! పైకి రాయే! ఉన్నపళంగా రా!”

“వత్తానుండక్కా, ఇంకో పది దిండ్లున్నాయి.” మాట ముద్దముద్దగా ఉంది, నిద్రమత్తులో ఉన్నట్టు.

“గాలి మంచిది కాదే! చచ్చిపోతావు!”

“మళ్ళీ మొదలెట్టావా...”

వంగి దిండ్లు సర్దుతున్నట్టుంది. వంగినప్పుడల్లా దాని మొహం ఆ గాలిలోకి వెళ్తుంది. నిజం చెబితే అది రాదు. నాలుగు రోజుల నుంచి నిజమే చెబుతున్నాను.

“గంగా! వెన్నెల బడిలో మెట్ల మీంచి పడిపోయిందంట! తల పగిలిందంట! ఫోనొచ్చింది!”

 గొట్టంలో పట్టీల చప్పుడు. ఘల్లు ఘల్లుమంటూ మెట్లెక్కుతోంది. నేను మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఆ సమయానికే తలుపు తెరుచుకుంది. ఎలియో గారు నన్ను చూస్తూ ఏదో అడుగుతున్నారు, యంత్రం “ఏమి సంభవించినది?” అంటోంది. ముందువరసలో ఉన్నవాళ్ళు నవ్వుకుంటూ మెట్లు దిగడం మొదలుపెట్టారు. ముప్పై మందికి పైనే దిగారు. ఆగండని అరిచాను. ఆ గోలలో ఎలియో గారికి కూడా అందలేదు. నా భాష వాళ్ళకు తెలియదు, నా భయం వాళ్ళ ముక్కులకు తెలియదు. తెలిసే కంపు ఒక్కటే ఉంది. రెండు చేతులతో పీటను ఎత్తి జాడీని మెట్ల మీదకు తోసేశాను.

పగిలింది. చేపఊట మెట్ల మీద కాలువ కట్టింది. దిగినవాళ్ళంతా నోళ్ళు మూసుకుని, వాంతులు చేసుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ వెనక్కి పైకొచ్చి పడ్డారు. ఎవరో నన్ను కొట్టారు కూడా. నాకు పట్టలేదు. నేను పట్టీలు వింటున్నాను.

ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటి.

ఆగిపోయాయి.

అంటే పై నుంచి ముప్పై మూడో మెట్టు. నిన్న నేను మూడు అని రాసిన మెట్టు. ఇవాళ అక్కడ ఎంతుందో తెలియదు.

దిగాలి. తూములో రెండోవాడూ మూడోవాడూ ఇలాగే దిగారు. కాళ్ళు కదలలేదు, సిగ్గు లేకుండా రాస్తున్నాను, కదలలేదు. జనాన్ని వరుసలో ఉంచడానికి కట్టిన మోకు కనబడింది. విప్పి నడుముకు కట్టుకుని రెండో కొస ఎలియో గారి చేతిలో పెట్టాను.

“నేను పడిపోతే లాగండి. మీరు మాత్రం దిగొద్దు.”

ఆయన చెవిలోని యంత్రం తోపులాటలో ఊడి చేపఊటలో పడింది. నా మాట ఆయనకు అందలేదు. అయినా మోకును తన నడుముకు రెండు చుట్లు చుట్టుకుని, గుమ్మపురాయికి కాలు తన్నిపట్టి కూర్చున్నారు.

ఇరవై ఐదో మెట్టు దాకా ఊపిరి పీల్చాను. అక్కడ కంపు గొంతు పట్టుకుంది. కంపు ఉందంటే ముక్కు బతికే ఉంది, మంచిదే. అక్కడ ఊపిరి బిగబట్టాను. గంగ మెట్ల మీద బోర్లా పడి ఉంది. తల పై మెట్టు మీద ఉంది, అదే అదృష్టం. చంకల కింద చేతులు వేసి ఒక మెట్టు లాగాను, రెండు లాగాను. చూపు అంచుల్లో నల్లబడింది. నాలుగో మెట్టు దగ్గర ఊపిరి వదిలేశాను, తెలియకుండానే పీల్చాను.

ఆ పీల్చిన గాలిలో ఏ వాసనా లేదు.

తర్వాత నడుము తెగిపోతున్నట్టు మోకు లాగింది. చేతులు మాత్రం గంగను వదల్లేదట. పైన ఎలియో గారితో పాటు ఇంకో నలుగురు లాగారని అసుంతమ్మ చెప్పింది.

గంగకు గంట తర్వాత తెలివొచ్చింది. “వెన్నెల...” అంది.

“బావుందే. బళ్ళోనే ఉంది. దానికేం కాలేదు. అబద్ధం చెప్పాను.”

అది మొహం అటు తిప్పుకుంది.

నమోదు 619 — మే 17

అగ్నిమాపకదళం వాళ్ళు ముసుగులు వేసుకుని దిగి కొలిచారు. తూర్పు గోడ కింద నేల పగిలిందట. నేలకు మూరెడు ఎత్తులో ఇప్పుడు నాలుగు గుక్కలు పీలిస్తే మనిషి ఉండడు. పైకప్పు సూచిక మాత్రం ఇంకా పచ్చగానే ఉందట.

విచారణకు వచ్చినవాళ్ళకు నా ఉత్తరం నేనే ఇచ్చాను. ఎలియో గారు తన సంతకం తనే చూపించారు. “రేపు ఒక్క దినము అన్నది నేనే,” అన్నారట. నా యంత్రమూ ఆ తోపులాటలోనే పోయింది, అసుంతమ్మ ఒక వేలు ఎత్తి, ఆయన్ను చూపించి, చేతులతో చెప్పింది.

గంగ ఇంకా నాతో మాట్లాడలేదు. నర్సు వచ్చినప్పుడు కూడా వెన్నెల చేయి పట్టుకునే పడుకుని ఉంటుంది. వదలదు.

నా ముక్కు సగమే తిరిగొచ్చింది. నిమ్మ తెలుస్తోంది. మరువం తెలియడం లేదు.

నమోదు 640 — జూన్ 29

ముక్కుబిళ్ళ జాబితాలో నాలుగు వందల పదమూడో వాసనగా ఆ కుళ్ళిన గుడ్డు కంపును చేర్చాలని నిర్ణయించారు. దాన్ని తయారుచేయమని నన్నడిగారు. నెల పైనే పట్టింది. రోజూ ఆ సీసా ముందు కూర్చుంటే ఆ ముప్పై మూడో మెట్టు మీదే ఉన్నట్టుండేది. రెండుసార్లు మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయాను. అయినా చేశాను.

ఇవాళ పురపాలక భవనంలో నేల కింది గదిలో మొదటి పరీక్ష. కొత్త బిళ్ళలు పెట్టుకున్న పాతికమంది కుర్చీల్లో కూర్చున్నారు. గంగ కూడా వచ్చింది. వద్దన్నాను. “నన్నేది చంపబోయిందో చూడాలి కదక్కా,” అంది. నలభై రోజుల్లో నాతో అది మాట్లాడిన పెద్ద మాట ఇదే.

మూత తీశాను.

ఎలియో గారు నోటికి రుమాలు అడ్డుపెట్టుకున్నారు. అసుంతమ్మ కళ్ళు మూసుకుని ఉండిపోయింది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. ఏమైందని అడిగితే, చిన్నప్పుడు కిటికీ తెరిస్తే ఊరంతా ఇదే ఉండేదని చెప్పింది. గులాబీలు మీరు తెచ్చినవి, మా ఊరు ఇదీ, అంది.

నేను గంగ వైపు చూశాను.

దాని మొహంలో రక్తం లేదు.  కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచింది. ఎవరి వైపూ చూడలేదు. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, రెండేసి మెట్లు ఎక్కుతూ బయటి ఎండలోకి పరుగెత్తింది.

నేను పిలవలేదు.